ప్రాసెసర్ 98 డిగ్రీలు చూపిస్తోంది, భయపడాలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది ఖమ్మంలో చిన్న ఫొటో స్టూడియో. పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు చేస్తాం. 2022లో కంప్యూటర్ అసెంబుల్ చేయించాం. ఐ7-12700 ప్రాసెసర్, దాని డబ్బాలో వచ్చిన ఫ్యానే బిగించారు. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 600 వీఏ యూపీఎస్. డిసెంబరులో రెండర్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా తయారుచేయడం) పెడితే ప్రాసెసర్ వేడి 79 దగ్గర ఉండేది. ఇప్పుడు మే నెలలో 97, 98, ఒక్కోసారి 100 చూపిస్తోంది. షాపులో గడియారానికి ఉన్న థర్మామీటరు అప్పుడు 26 చూపించేది, ఇప్పుడు మధ్యాహ్నం 40. అప్పట్లో రెండు గంటల్లో అయిన వీడియోకి ఇప్పుడు రెండు ముప్పావు గంటలు పడుతోంది. పోయిన వారం రెండుసార్లు రెండర్ మధ్యలో ఠక్కున ఆరిపోయింది. ఆ రెండుసార్లూ షాపులో లైట్లు ఒక్క క్షణం మినుకుమన్నట్టు గుర్తు. కంప్యూటర్ షాపాయన్ని అడిగితే, "72 దాటితే ప్రాసెసర్ పోయినట్టే, మీ పాత ఐ5-4460కి కంపెనీవాళ్లే అలా రాశారు, లిక్విడ్ కూలర్ వేయిద్దాం" అన్నాడు. మా బావమరిదేమో "100 దాకా ఏం కాదు, వదిలెయ్ బావా" అంటున్నాడు. ఎవరి మాట వినాలి? మూఢం వచ్చేలోగా ఇంకా ఏడు పెళ్లిళ్ల వీడియోలు ఇవ్వాలి. ఇంకో సంగతి, మా అమ్మాయి ల్యాప్‌టాప్ కూడా 95 చూపిస్తోంది. మంచం మీద పెట్టుకుని చదువుకుంటుంది. దాని గురించి కూడా చెప్పండి.

సమాధానం: మీరు మాటల్లో మాటగా రాసిన ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆరిపోయిన రెండుసార్లూ లైట్లు మినుకుమన్నాయన్నారు. ముందు దాని సంగతే తేల్చుకుందాం. ఏడు పెళ్లిళ్ల పని చేతిలో ఉన్నప్పుడు ఒక రెండర్ మధ్యలో పోవడం కంటే పెద్ద నష్టం లేదు.

మీ ప్రాసెసర్ వేడెక్కితే ఠక్కున ఆరిపోదు. 100 డిగ్రీలు తగలగానే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. వేగం తగ్గితే కరెంటు తక్కువ తీసుకుంటుంది, వేడి తక్కువ పుడుతుంది, అంకె 100 దగ్గరే నిలబడుతుంది. అంత తగ్గించుకున్నా వేడి ఇంకా పైకి ఎగబాకితేనే, అంటే కూలర్ ఊడిపోయినంత పని జరిగితేనే, తనను తాను కాపాడుకోవడానికి మొత్తం ఆపేస్తుంది. ఆ ఆపేసే హద్దు 100కి చాలా పైన ఉంటుంది. మీ మెషీన్ 98 దగ్గర గంటల తరబడి తిరుగుతోందంటే అది ఆ హద్దు దాకా వెళ్లలేదన్నమాట. కాబట్టి ఆరిపోవడానికి కారణం ఇంకొకటి ఉంది.

యూపీఎస్ వెనక అంటించిన కాగితం చూడండి. 600 వీఏ పెట్టెల్లో చాలావాటి మీద 360 వాట్లు అని ఉంటుంది. వీఏ వేరు, వాట్లు వేరు. మోయగలిగే బరువు వాట్లలోనే చూడాలి. ఇప్పుడు మీ లెక్క వేద్దాం. ఐ7-12700 పూర్తి బలంతో పనిచేస్తే 180 వాట్ల దాకా లాగుతుంది. ఆర్‌టీఎక్స్ 3060కి 170. ఇక్కడికే 350 అయింది. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు, మానిటర్, కంప్యూటర్ భాగాలకు కరెంటు పంచే డబ్బా అయిన ఎస్ఎంపీఎస్‌లో వృథాగా పోయేది కలిపితే, రెండూ ఒకేసారి ఎగిరిన క్షణంలో 450 దాటుతుంది. కరెంటు ఉన్నంతసేపు ఆ బరువు లైనే మోస్తుంది కాబట్టి మీకు తెలియదు. లైటు మినుకుమన్న క్షణంలో యూపీఎస్ బ్యాటరీ మీదికి మారాలి. అప్పుడు బరువంతా దాని నెత్తిన పడుతుంది, మోయలేక వదిలేస్తుంది. మే నెలలో లైన్లన్నీ ఏసీల బరువుతో ఉంటాయి కాబట్టి ఈ మినుకులు డిసెంబరులో కంటే ఎక్కువే.

నిర్ధారణ చేసుకోవడం తేలిక. పనులన్నీ సేవ్ చేసి, ఒక పాత ఫైలు రెండర్ పెట్టి, యూపీఎస్‌కి వచ్చే గోడ స్విచ్ ఆపండి. కంప్యూటర్ ఆరిపోతే దొంగ దొరికినట్టే. ఆరిపోకపోతే ఎస్ఎంపీఎస్‌ని అనుమానించాలి. దానికీ వేడి హద్దు ఉంటుంది, దాని ఫ్యాన్ దుమ్ముతో బిగుసుకుపోతే తనే ఆగిపోతుంది. బయటి నుంచి బ్రష్షుతో, బ్లోయర్‌తో శుభ్రం చేయండి గానీ ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పవద్దు. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. ఈ మాట ప్రతిసారీ రాస్తాను, విసుగనుకోకండి.

ఇక మీ షాపాయన 72. ఆయన గాల్లోంచి తెచ్చిన అంకె కాదది. మీ పాత ఐ5-4460కి ఇంటెల్ ఇచ్చిన వివరాల్లో 72.72 డిగ్రీలు అని నిజంగానే ఉంది. అయితే ఆ అంకె దేనిదో చూడాలి. ప్రాసెసర్ పైన కనిపించే వెండిరంగు లోహపు మూత ఉంటుంది కదా, సరిగ్గా దాని నడిమధ్యన వేడి ఎంత ఉండవచ్చో చెప్పే హద్దు అది. కూలర్లు తయారుచేసేవాళ్ల కోసం ఇచ్చారు. దాన్ని కొలవాలంటే ఆ మూత మీద సన్నని గాడి తీసి, అందులో వేడి కొలిచే తీగ కూర్చోబెట్టాలి. మీ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ చూపించేది వేరు. చిప్ లోపల, లెక్కలు చేసే భాగాలైన కోర్ల పక్కనే ఉన్న సెన్సర్ చెప్పే అంకె అది. మూత కంటే లోపల ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. అన్నం గిన్నె మూత మీద చెయ్యి పెట్టి లోపలి గంజి వేడి చెప్పలేం, ఇదీ అంతే. తర్వాతి తరాలకు వచ్చేసరికి ఇంటెల్ వివరాల్లో లోపలి హద్దే ఇస్తున్నారు. మీ ఐ7-12700కి అది 100 డిగ్రీలు. ఆయన మూత అంకెను లోపలి అంకెతో పోల్చి మిమ్మల్ని భయపెట్టాడు. కావాలని చేశాడని నేననుకోను. ఈ పొరపాటు పడని టెక్నీషియన్లు తక్కువ.

ఈ హద్దు అందరికీ ఒకటి కాదు. ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ తయారుచేసే రైజెన్ 7000 వరసలో చాలావాటికి 95. పూర్తి బరువు పడితే అవి 95 దాకా వెళ్లి అక్కడే పనిచేసేలా తయారుచేశారు, ఏఎండీ వాళ్లే ఆ మాట చెప్పారు. అదే వరసలో 7800ఎక్స్3డీకి 89. రైజెన్ 5800ఎక్స్‌కి 90. ఇంటెల్ కోర్ అల్ట్రా 200ఎస్ డెస్క్‌టాప్ చిప్పులకు 105. పాత రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉండేది. అవి అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చూపించేవి. అందుకే "ఎంత వేడి మంచిది?" అని ఎవరైనా అడిగితే ముందు "ఏ చిప్?" అని అడుగుతాను. మోడల్ పేరు కొట్టి, కంపెనీ సొంత పేజీలో గరిష్ఠ వేడి ఎంత రాశారో చూసుకోండి. పక్కింటివాళ్ల అంకె మనకు పనికిరాదు.

భయం పాతకాలం నుంచి వచ్చింది కాబట్టి ఆ సంగతి కూడా చెబుతాను. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైటు వాళ్లు ఒక పరీక్ష చేసి వీడియో తీశారు. కంప్యూటర్ పనిచేస్తుండగానే ప్రాసెసర్ మీది హీట్‌సింక్‌ని, అంటే వేడిని లాగే లోహపు దిమ్మని, పీకేశారు. పెంటియం 4 వేగం తగ్గించుకుని నెమ్మదిగా నడుస్తూనే ఉంది. పెంటియం 3 ఆగిపోయింది కానీ చావలేదు. ఏఎండీ అథ్లాన్ కొన్ని క్షణాల్లో కాలిపోయి పొగ వచ్చింది. ఆ రోజుల్లో నేను రిపేర్లు చేసేవాణ్ణి. హీట్‌సింక్ ఒక పక్క సరిగా కూర్చోక నా బల్ల మీదే ఒక చిప్ పోయింది. స్విచ్ వేసి కుర్చీలో కూర్చునేలోగా వాసన వచ్చింది. ఆ వాసన చూసినవాళ్లెవరూ ఇప్పటికీ 80 అంకె చూసి నిశ్చింతగా ఉండలేరు. ఇప్పటి చిప్పులు అలా కాలిపోవు. ఏ కంపెనీదైనా సరే, తనను తాను కాపాడుకునే ఏర్పాటు లోపలే ఉంది.

అలాగని మీ బావమరిది మాటతో సరిపెట్టుకోలేను. ప్రాసెసర్ చావదన్న మేరకు ఆయన మాట నిజమే. వదిలేయమనడం మాత్రం తప్పు. ఆ తప్పు ఎక్కడుందో మీరిచ్చిన అంకెలే చెబుతున్నాయి.

కూలర్ ఏదైనా, గాలిదైనా నీళ్లదైనా, చిప్ వేడిని గది గాలిలోకి తోస్తుంది. గది కంటే చల్లగా చిప్‌ని ఉంచడం దాని చేతిలో లేదు. చిప్‌కీ గదికీ మధ్య ఎంత తేడా ఉంచగలదన్నదే దాని సత్తా. డిసెంబరులో గది 26, చిప్ 79. తేడా 53. అదే పని, అదే ఫ్యాను, అదే వేగం అయితే గది 40 ఉన్నప్పుడు చిప్ సుమారు 93 ఉండాలి. గది ఎంత పెరిగితే చిప్ దాదాపు అంతే పెరుగుతుంది. ఆ 14 డిగ్రీలు రోహిణి కార్తెవి, వాటికి ఎవర్నీ తప్పు పట్టలేం. మీకు మాత్రం 98 చూపిస్తోంది. అంటే 5 డిగ్రీలు అదనం.

నిజానికి అదనం 5 కంటే ఎక్కువే. మీ రెండర్ సమయం రెండు గంటల నుంచి రెండు ముప్పావుకు పెరిగిందని రాశారు చూడండి, అసలు కథ అక్కడుంది. 100 దగ్గర గోడ ఉంది. చిప్ ఆ గోడకు కొట్టుకుని వేగం తగ్గించుకుంటోంది. వేగం తగ్గించుకున్నాక కూడా 98 చూపిస్తోంది. డిసెంబరు వేగంతోనే నడవనిస్తే 110 కూడా దాటేదేమో. గోడ తగిలాక వేడి అంకె నిజం చెప్పడం మానేస్తుంది, అప్పటి నుంచి నిజం చెప్పేది వేగం ఒక్కటే. మీ విషయంలో ముప్పావు గంట ఆలస్యమే అసలైన థర్మామీటరు. ఏడు పెళ్లిళ్లకు, పెళ్లికి మూడు నాలుగు రెండర్ల చొప్పున లెక్క వేసుకుంటే ఎన్ని గంటలు పోతున్నాయో మీకే తెలుస్తుంది.

దీన్ని కళ్లతో చూడాలంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. రెండర్ మొదలుపెట్టి పావుగంట ఆగి, సెన్సర్ల పట్టీలో మూడు చోట్ల చూడండి. ప్యాకేజీ (మొత్తం చిప్) వేడి, కోర్ల వేగం, థర్మల్ థ్రాట్లింగ్ అన్న వరస. ఆ వరసలో "Yes" అని పడితే గోడ తగిలినట్టే. ఏమీ పనిలేనప్పుడు 45, 50 చూపించినా కంగారు వద్దు. 40 డిగ్రీల గదిలో చిప్ 35 ఎలా ఉంటుంది? ఒక్క క్షణం 90కి ఎగిరి దిగినా పట్టించుకోవద్దు. ఏదైనా ప్రోగ్రామ్ తెరిస్తే ఇప్పటి చిప్పులు అలా ఎగిరి దిగుతాయి. పావుగంట బరువు మీద ఎక్కడ నిలబడుతోందన్నదే లెక్క. మీ చిప్‌కి అది 85 లోపు ఉంటే హాయిగా పని చేసుకోండి. 90 దాకా ఉన్నా, మే నెల కాబట్టి, ఒప్పుకుంటాను. వేగం పడిపోకూడదు, అదే నా షరతు.

ఇప్పుడు ఆ అదనపు డిగ్రీలు ఎక్కడి నుంచి వచ్చాయో వెతుకుదాం. దీనికి నాకు నచ్చిన పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చు లేదు. రెండర్ నడుస్తుండగా క్యాబినెట్ పక్క తలుపు తీసి పది నిమిషాలు చూడండి. వేడి గబగబా తగ్గినా, వేగం పెరిగినా, క్యాబినెట్‌కి గాలి ఆడటం లేదని అర్థం. ఏ మార్పూ లేకపోతే జబ్బు కూలర్ దగ్గరే ఉంది. అది దుమ్మైనా కావాలి, చిప్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్టు ఎండైనా ఉండాలి, లేదంటే పట్టు సడలి ఉండాలి.

మీ స్టూడియోలో క్యాబినెట్ ఎక్కడ పెట్టారో రాయలేదు. కానీ నేను చూసిన స్టూడియోల్లో సగానికి పైగా కౌంటర్ కింది గూట్లోనే ఉంటుంది, ముందు అద్దమో ప్లైవుడ్ తలుపో ఉంటుంది. ఇళ్లలోనూ అంతే. కంప్యూటర్ టేబుల్ అని కొంటే "సీపీయూ" పెట్టడానికి ఒక బిగుతైన గూడు ఇస్తారు. ఆ గూట్లో వెనక నుంచి బయటికొచ్చిన వేడి గాలినే ముందు ఫ్యాను మళ్లీ పీల్చుకుంటుంది. గోడ గడియారం 40 చూపిస్తుంటే గూట్లో 46 ఉండొచ్చు. చిప్‌కి లెక్కలోకొచ్చేది ఆ 46. ఆ చిన్న థర్మామీటరునే క్యాబినెట్ ముందు భాగంలో, గాలి లోపలికి వెళ్లే చోట అరగంట పెట్టి చూడండి. తేడా ఉంటే క్యాబినెట్‌ని బయటికి తీసి, నేల మీద కాకుండా ఒక స్టూలు మీద, గోడకు జానెడు దూరంలో పెట్టండి. మీ దేవుడి పటం క్యాబినెట్ పైనే ఉంటే దాన్ని కూడా ఇంకో చోటికి మార్చండి. అగరుబత్తి పొగ వల్ల దుమ్ము జిడ్డుగా మారి రెక్కలకు అంటుకుపోతుంది, బ్లోయర్ గాలికి కూడా ఊడదు.

పక్క తలుపు ఎప్పటికీ తీసేసి, టేబుల్ ఫ్యాన్ పెట్టి నడిపేవాళ్లూ ఉన్నారు. సీజన్ గడిచేదాకా చేస్తే తప్పు లేదు. కానీ మూడు నెలల్లో దుమ్ము రెట్టింపు అవుతుంది, బల్లులు కూడా దూరతాయి. డెజర్ట్ కూలర్ ఉంటే గదిని చల్లబరచడానికి వాడండి. మధ్యాహ్నపు పొడిగాలిలో అది గదిని కొన్ని డిగ్రీలు దించుతుంది, చిప్ కూడా అంతే దిగుతుంది. దాని గాలి నేరుగా క్యాబినెట్ మీదికి కొట్టకుండా చూసుకోండి. తుంపర్లతో పాటు నీళ్లలోని ఉప్పు కూడా వచ్చి పేరుకుంటుంది.

దుమ్ము దులపడం అందరికీ తెలిసిందే కాబట్టి ఒక్క జాగ్రత్త చెప్పి వదిలేస్తాను. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. ఆ గాలికి అది తన హద్దుకు మించి తిరిగితే బేరింగు పోతుంది.

అసలు అనుమానం నాకు కూలర్ నాలుగు కాళ్ల మీద ఉంది. డబ్బాలో వచ్చే ఇంటెల్ ఫ్యాన్‌కి నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి, బోర్డు రంధ్రాల్లోకి నొక్కితే క్లిక్ మంటాయి. మూడేళ్ల వేడికి ప్లాస్టిక్ అలిసిపోతుంది. ఒక్క పిన్ను కొంచెం పైకి లేస్తే చాలు, కూలర్ ఒక మూల వెంట్రుకవాసి ఎత్తుగా ఉండిపోతుంది. ఆ సందులోకి గాలి దూరుతుంది. గాలి ఎంత మంచి కంబళో లెక్క చూడండి. రాగి వేడిని మోసే శక్తి 400 అయితే గాలిది 0.026. మామూలు థర్మల్ పేస్టుది 4 నుంచి 12 మధ్య. పేస్టు గొప్పగా మోసుకుపోతుందని వేయం, గాలి కంటే వంద రెట్లకు పైగా మేలు కాబట్టి ఆ కంటికి కనపడని సందుల్ని దానితో నింపుతాం.

ఇంకో కోణం నుంచి చెబుతాను. ఇస్త్రీ పెట్టె 1000 వాట్లది అనుకుందాం. దాని అడుగు సుమారు 180 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు ఐదారు వాట్లు. మీ ప్రాసెసర్ మూత కింద ఉండే అసలు చిప్ మన బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది, రెండు చదరపు సెంటీమీటర్ల ప్రాంతం. అందులో నుంచి 180 వాట్లు బయటికి రావాలి. అంటే చదరపు సెంటీమీటరుకు 80, 90 వాట్లు. ఇస్త్రీ పెట్టె కంటే పది రెట్లకు మించిన ఒత్తిడి. అంత వేడి అంత ఇరుకు దారిలోంచి వెళ్లేటప్పుడు వెంట్రుకవాసి సందు కూడా పది డిగ్రీలకు కారణమవుతుంది.

కాబట్టి ఒక ఆదివారం పూట కూలర్ విప్పి మళ్లీ బిగించండి, లేదా ఎదురుగా నిలబడి చేయించండి. ప్లగ్గు పీకి, ఫ్యాన్ వైరు తీసి, పిన్నుల తలల్ని వాటి మీదున్న బాణం గుర్తు వైపు తిప్పితే పట్టు వదులుతాయి. పాత పేస్టును ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రవంతో, మెత్తని నూలు గుడ్డతో పూర్తిగా తుడవండి. మొబైల్ రిపేరు సామాను అమ్మేచోట ఐపీఏ అంటే ఇస్తారు. కొత్త పేస్టు బఠానీ గింజంత, నడిమధ్యన చాలు. కత్తితో రొట్టెకు జామ్ పూసినట్టు మందంగా పూయనవసరం లేదు, కూలర్ బరువుకు అదే పరుచుకుంటుంది. మళ్లీ పెట్టేముందు పిన్నుల తలల్ని బాణానికి ఎదురు దిశలో తిప్పి ఉంచాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. తర్వాత ఎదురెదురు మూలల్ని జంటగా నొక్కండి. నాలుగు క్లిక్‌లు వినపడాలి. బోర్డు వెనక నుంచి చూస్తే నాలుగు నల్లని కాళ్లూ పూర్తిగా బయటికి వచ్చి కనపడాలి. కొత్త కూలర్ కొంటే దాని అడుగున ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది, అది తీశారో లేదో చూసుకోండి. తీయకుండా బిగించిన మెషీన్లు నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటాయి.

లిక్విడ్ కూలర్ మీకు అవసరం లేదు. ఇది నా గట్టి అభిప్రాయం. లిక్విడ్ అన్న మాట వినగానే ఫ్రిజ్ నీళ్లు గుర్తొస్తాయి గానీ, అందులోని ద్రవం కూడా చివరికి అదే 40 డిగ్రీల గాలికి వేడిని అప్పగించాలి. పైగా పంపు ఒకటి, గొట్టాలు ఒకటి, పాడవడానికి రెండు చోట్లు ఎక్కువ. సీజన్ మధ్యలో పంపు ఆగితే కంప్యూటర్ ఆగినట్టే. మీ చిప్‌కి నాలుగు రాగి గొట్టాలు, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న మామూలు టవర్ కూలర్ సరిపోతుంది. ఖరీదు లిక్విడ్ కూలర్‌లో సగం కూడా ఉండదు. ఫ్యాను పోతే ఫ్యాను ఒక్కటే మార్చుకోవచ్చు. కొనేముందు ఎల్‌జీఏ 1700 సాకెట్‌కి (మీ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు) బిగించే సామాను డబ్బాలో ఉందో లేదో, మీ క్యాబినెట్ వెడల్పుకు దాని ఎత్తు సరిపోతుందో లేదో అడగండి. మిగిలిన డబ్బుతో యూపీఎస్ మార్చండి. 1000 వీఏ, 600 వాట్లది తీసుకోండి. ఈ రెండింటిలో ఒక్కటే కొనే వీలుంటే యూపీఎస్‌కే నా ఓటు.

కూలర్ వచ్చేలోగా ఈ రోజే చేయగలిగిన పని ఒకటి బయోస్‌లో, అంటే విండోస్ మొదలవకముందు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ఉంది. మీ చిప్‌కి ఇంటెల్ చెప్పిన లెక్కలో నిలకడగా 65 వాట్లు, కాసేపు 180 వాట్లు. కానీ చాలా మదర్‌బోర్డులు ఆ హద్దుల్ని ఎత్తేసి వదులుతాయి. బయోస్‌లో పీఎల్1, పీఎల్2 అని లేదా లాంగ్, షార్ట్ డ్యూరేషన్ పవర్ లిమిట్ అని ఉంటాయి. రెండింటినీ 100 వాట్ల దగ్గర పెట్టి చూడండి. వాట్లు తగ్గినంతగా వేగం తగ్గదు. చివరి కొద్దిపాటి వేగం కోసం చిప్ వోల్టేజీని బాగా పెంచుకోవాల్సి వస్తుంది. ఖర్చయ్యే కరెంటు వోల్టేజీ వర్గంతో (రెట్టింపైతే నాలుగు రెట్లుగా) పెరుగుతుంది. ఆ చివరి మెట్టు ఎక్కకుండా ఆపితే వేడి చాలా దిగుతుంది, వేగం కొంచెమే దిగుతుంది. ఇప్పుడు 100 డిగ్రీలకు కొట్టుకుంటూ, తగ్గుతూ, మళ్లీ ఎగురుతూ నడిచేదానికంటే 100 వాట్ల దగ్గర నిలకడగా నడిస్తే రెండర్ ముందే అయినా ఆశ్చర్యం లేదు. యూపీఎస్ మీద బరువు కూడా తగ్గుతుంది. బయోస్ అంటే జంకు ఉంటే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో గరిష్ఠ ప్రాసెసర్ స్థితిని 100 శాతం నుంచి 99కి దించండి. అది టర్బోను, అంటే చిప్ తన మామూలు వేగానికి మించి పరుగెత్తడాన్ని, ఆపేస్తుంది. వేడి బాగా తగ్గుతుంది, అయితే వేగం కూడా బాగానే తగ్గుతుంది. కాబట్టి అది అత్యవసరానికి మాత్రమే.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పోర్ట్ పట్టీలో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ (వీడియో తయారీని ప్రత్యేక సర్క్యూట్‌కి అప్పగించడం) ఉందో లేదో కూడా చూడండి. మీ ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుకు ఎన్‌వెంక్ (NVENC), మీ ఇంటెల్ చిప్‌లోనే ఉన్న క్విక్ సింక్, రెండూ ఈ పని కోసమే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ మీద పెట్టి ఉంటే మొత్తం బరువు కోర్ల మీద పడుతుంది. ఆన్ చేసి ఒక చిన్న పాట ముక్క ఎక్స్‌పోర్ట్ చేసి, పెద్ద తెర మీద నాణ్యత చూసుకుని నిర్ణయించుకోండి. పెద్ద రెండర్లు రాత్రి పూట వరసలో పెట్టుకుంటే ఇంకా మంచిది. తెల్లవారుజామున మీ గది 31 ఉంటుందనుకున్నా, మధ్యాహ్నంతో పోలిస్తే చిప్‌కి తొమ్మిది డిగ్రీలు ఊరికే వచ్చినట్టు.

"ఇన్నాళ్లు 98లో తిరిగింది కదా, ఆయుష్షు తగ్గిపోయిందా?" అని మీరు అడగకపోయినా మనసులో ఉంటుంది. వేడి ఎక్కువైతే చిప్ లోపలి సన్నని లోహపు దారుల్లో పరమాణువులు మెల్లగా జరుగుతాయి, అది నిజం. వేడితో పాటు వోల్టేజీ కూడా ఎక్కువైతే అరుగుదల ఇంకా త్వరగా జరుగుతుంది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్పులు కొన్ని అస్థిరంగా మారితే, అవసరానికి మించిన వోల్టేజీ వల్లేనని 2024లో కంపెనీయే చెప్పింది. సరిదిద్దే మైక్రోకోడ్ (బయోస్‌తో పాటు వచ్చే చిప్ లోపలి ప్రోగ్రామ్) ఇచ్చి, వారంటీని రెండేళ్లు పెంచింది. మీది 12వ తరం, ఆ జాబితాలో లేదు. ఎవరైనా పాత 13వ తరం చిప్ తక్కువ ధరకు ఇస్తామంటే మాత్రం బయోస్ కొత్తది వేయకుండా వాడకండి. ఒక వేసవి 98లో గడిపినంత మాత్రాన మీ చిప్ పాడవదు. దాని చుట్టూ ఉన్నవాటి గురించే నాకు ఎక్కువ బెంగ. ముఖ్యంగా ఎస్ఎంపీఎస్‌లోని కెపాసిటర్లు. వాటి చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది ఈ వృత్తిలో అందరూ వాడే లెక్క. గూట్లోంచి క్యాబినెట్ బయటికి తీయమని అంతగా చెబుతున్నది అందుకే.

అమ్మాయి ల్యాప్‌టాప్ సంగతి. ల్యాప్‌టాప్ 95 చూపించడం డెస్క్‌టాప్ 95 చూపించినంత విశేషం కాదు. సన్నని డబ్బాలో చిన్న ఫ్యానుతో అవి బరువు పడితే హద్దు దాకా వెళ్లి అక్కడే నడుస్తాయి. అయితే చాలా కంపెనీలు ల్యాప్‌టాప్‌ని వాడాల్సిన గది వేడి 35 డిగ్రీల దాకానే అని రాస్తాయి. మన మే నెల మధ్యాహ్నాలు ఆ గీత దాటిపోతాయి. దానికి తోడు పరుపు. ల్యాప్‌టాప్ చాలావరకు అడుగు నుంచే గాలి పీలుస్తుంది. దుప్పటి ఆ చిల్లుల్ని మూసేస్తుంది, పైగా దూది పోగుల్ని లోపలికి పంపుతుంది. చదువుకునేటప్పుడు, అంటే పెద్ద పనేమీ లేకుండానే 95 చూపిస్తుంటే అది దాదాపు పరుపు పనే. ఒక చెక్క పీటో, పరీక్ష రాసే అట్టో కింద పెట్టి అరగంట చూడమనండి. వెనక అంచును రెండు పుస్తకాలతో కొంచెం ఎత్తితే ఇంకా మేలు, ఆ పుస్తకాలు చిల్లులకు అడ్డం రాకూడదు. అట్ట మీద పెట్టాక కూడా ఖాళీగా ఉన్నప్పుడు 80 దాటుతుంటే లోపల ఫ్యాను దగ్గర దుమ్ము గడ్డకట్టి ఉంటుంది, విప్పించి శుభ్రం చేయించాలి. ఇంకో సంగతి చూడండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, మూత సరిగా మూతపడకపోయినా, అడుగు ఉబ్బినట్టు అనిపించినా వెంటనే ఛార్జర్ తీసేసి వాడటం ఆపించండి. అది బ్యాటరీ ఉబ్బడం. ప్రాసెసర్ 95కి నేను భయపడను గానీ, ఉబ్బిన బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్‌ని పరుపు మీద చూస్తే భయపడతాను.

యూపీఎస్ పరీక్ష ఈ సాయంత్రమే చేయండి, బయోస్‌లో వాట్ల హద్దు కూడా. కూలర్ పని మొదటి ఖాళీ రోజున. ఆ తర్వాత డిసెంబరులో చేసిన అదే పెళ్లి ఫైలుని మళ్లీ రెండర్ పెట్టి నాకు నాలుగు అంకెలు రాయండి. క్యాబినెట్ ముందు గాలి వేడి, పావుగంట తర్వాత ప్యాకేజీ వేడి, అప్పటి కోర్ల వేగం, మొత్తం పట్టిన సమయం. కొత్త యూపీఎస్ మీద కూడా ఆరిపోతే ఎస్ఎంపీఎస్ మీది కాగితం ఫొటో తీసి పంపండి. దాని మీద రాసిన వాట్లు నిజంగా ఇవ్వగలదో లేదో చూద్దాం.